మెయిల్ ఐడీ అడిగితే తప్పా, ఇస్తే తప్పా?

యాంకర్: నమస్కారం. బట్టల షాపులో బిల్లు కట్టబోతే మెయిల్ ఐడీ చెప్పమంటారు, మనం చెప్పేస్తాం. వ్యక్తిగత డేటా చట్టం 2023లో వచ్చింది, నిబంధనలు 2025 నవంబరులో నోటిఫై చేశారు. అయినా అదే తంతు. సూటిగా అడుగుతా: తప్పు ఇచ్చేవాళ్లదే కదా?

సైబర్ నిపుణురాలు: ఇవ్వండి, కానీ ఏది ఇస్తున్నారో చూసుకోండి. బ్యాంకుకు ఒక ఐడీ, షాపింగ్‌కి వేరే...

న్యాయవాది: ఆగండి మేడమ్! జనం పది ఐడీలు ఎందుకు మోయాలి? డేటా కాపాడకపోతే 250 కోట్ల దాకా జరిమానా అని చట్టంలోనే ఉంది.

యాంకర్: సార్, మీ దగ్గరికి వస్తా...

న్యాయవాది: వచ్చారుగా, చెప్పనివ్వండి. 2021లో ఎయిర్ ఇండియా చెప్పిన ప్రయాణికుల డేటా లీకు ఎంతమందిది? దాదాపు 45 లక్షల మందిది! టికెట్ కొనడం వాళ్ల తప్పా?

యాంకర్: అంటే జాగ్రత్త పడక్కర్లేదా? ఇచ్చేవాళ్లది అసలు తప్పే లేదా?

నిపుణురాలు: లీకైనా నష్టం తగ్గాలనే నేనంటున్నా. పాస్‌వర్డ్ మర్చిపోతే కొత్తది పెట్టుకునే లింకు వచ్చేది బ్యాంకులాంటి చోట్ల ఇచ్చిన మెయిల్‌కే. ఆ ఐడీ బిల్లు కౌంటర్లకు ఇవ్వకూడదు. జీమెయిల్‌లో ఎట్ గుర్తుకి ముందు ప్లస్ పెట్టి షాపు పేరు చేర్చండి. మెయిల్ మీకే వస్తుంది, ఎవరి దగ్గర్నుంచి బయటికి పోయిందో తెలుస్తుంది.

వ్యాపారుల ప్రతినిధి: మా సాఫ్ట్‌వేర్ ప్లస్ గుర్తు తీసుకోదు మేడమ్.

(నవ్వులు)

నిపుణురాలు: చాలా సైట్లదీ అదే తీరు. పైగా ప్లస్ నుంచి చెరిపేస్తే అసలు ఐడీ దొరికిపోతుంది. అందుకే అసలు ఐడీ దాచి, దాని బదులు మారు అడ్రసు ఇచ్చే యాపిల్ హైడ్ మై ఈమెయిల్, ఫైర్‌ఫాక్స్ రిలే...

న్యాయవాది: ఐఫోన్ ఉన్నోళ్లకే ప్రైవసీనా? మా అమ్మ సంగతేంటి?

నిపుణురాలు: రిలేకి ఐఫోన్ అక్కర్లేదు సార్, ఐదు మారు అడ్రసులు ఉచితంగానే...

న్యాయవాది: (గొంతు పెంచి) ఐదు! ఆరో షాపుకి వెళ్లొద్దా? 250 కోట్లండీ, ముందు అది వసూలు చేయండి!

ప్రతినిధి: చిన్న షాపుల మీద పడితే ఎలా? 2023 మేలో కేంద్రం ఫోన్ నంబరు కోసం పట్టుబట్టొద్దంది. అప్పట్నుంచి మెయిల్ అడుగుతున్నాం.

యాంకర్: భలే! మరి ఆషాఢం ఆఫర్లు ఎలా పంపుతారు?

(ఆషాఢం సేల్ మీద కాసేపు మాటలు. ఎవరి మైకు ఎవరిదో తెలియలేదు.)

నిపుణురాలు: నేను మొదలుపెట్టింది పూర్తి చేయనివ్వండి. కొత్త ఐడీకి మారేటప్పుడు పాత ఐడీని ఒక్కసారే మూసేయకండి, ముందు బ్యాంకులో కొత్తది ఇచ్చి...

న్యాయవాది: బ్యాంకులా! వాటి సంగతి నేను చెప్తా...

యాంకర్: సమయం లేదు. లాయర్ గారు గట్టిగానే చెప్పారు, 250 కోట్లు. కానీ ఇచ్చేవాళ్లది తప్పు కాదా? చిన్న బ్రేక్.