వేమనతో వాదన పెట్టుకుంటే

(కడపలోని ఒక స్టూడియోలో రికార్డు చేసిన చర్చలో కొంత భాగం ఇది. కూర్చున్నవాళ్లు: తత్వశాస్త్రం చెప్పే అధ్యాపకురాలు, సివిల్ కేసులు చూసే లాయరు, డిగ్రీ చివరి సంవత్సరం విద్యార్థిని. ఇద్దరు ఒకేసారి మాట్లాడిన చోట్ల కాస్త సర్దాను.)

సమన్వయకర్త: తత్వశాస్త్రం అనగానే 'మనకెందుకులే, వైరాగ్యం వచ్చినప్పుడు చూద్దాం' అంటారు చాలామంది. మీ పిల్లలేమంటారు మేడం?

అధ్యాపకురాలు: వాళ్లూ అదే అంటారు. అసలు కష్టం ఇంకో రకం వాళ్లతో. ఏది చదివినా 'బాగుంది', లేదా 'నేను ఒప్పుకోను'. ఎందుకు ఒప్పుకోవంటే 'నాకట్లా అనిపించింది'.

విద్యార్థిని: అది నేనే మేడం. (నవ్వులు) వేమన పద్యం మీద రాయమంటే నాలుగు పేజీలు నింపాను. పదికి మూడు వేశారు. పైన ఎర్ర ఇంకుతో 'వాదన ఎక్కడ?' అని రాసుంది.

లాయరు: ఏ పద్యం తల్లీ?

విద్యార్థిని: రాతి బొమ్మకు రంగుల బట్టలెందుకు, గుళ్లెందుకు, దేవుడు కూడూ గుడ్డా అడుగుతాడా అంటాడు కదా సార్, అది. కదిరి దగ్గర కటారుపల్లెలో వేమన సమాధి ఉందని, బ్రౌన్ దొర 1829లో పద్యాలు అచ్చు వేయించాడని, అన్నీ రాశాను.

అధ్యాపకురాలు: నిజాలే, కానీ అడిగినదానికి ఒక్కటీ పనికిరాదు. పద్యంలో ఉన్నది ప్రశ్న. 'అడుగుతాడా?' అంటే అడగడనే కదా. ముందు దాన్ని మామూలు వాక్యాలుగా విప్పాలి. దేవుడు కూడూ గుడ్డా కోరడు. కాబట్టి బొమ్మకు అవి పెట్టక్కర్లేదు. ఈ రెంటి మధ్య ఏముంది?

లాయరు: ఖాళీ ఉంది.

అధ్యాపకురాలు: ఆ ఖాళీలో ఒక మాట దాక్కుని ఉంది. 'కోరనివాడికి పెట్టడం దండగ' అని. మనం ఎట్లాగూ ఒప్పుకుంటామని వేమన దాన్ని పైకి చెప్పలేదు. వాదనకు ఆయువుపట్టు అదే.

లాయరు: అయితే కొట్టేయొచ్చు. ఆడబిడ్డ పుట్టింటికి వస్తే నాకు చీర కావాలని అడుగుతుందా? అడగదు. పెట్టకుండా పంపుతామా? అది దండగా? మధ్య మాట తప్పు, కేసు అయిపోయింది.

అధ్యాపకురాలు: తొందరపడకండి సార్. కోర్టులో ఎదుటి పక్షం బలహీనంగా ఉంటే మీకు పండగే. ఇక్కడ ఎదుటివాడి మాటను ముందు మనమే బాగుచేసి పెట్టాలి. పూర్వపక్షాన్ని, అంటే ఎదుటివాడి వాదనను, సరిగ్గా చెప్పలేనివాడి సిద్ధాంతం ఎవరికి కావాలి? వేమన మాటను ఇట్లా మారుద్దాం: 'పక్కన ఆకలితో ఉన్నవాణ్ణి వదిలేసి, ఏ లోటూ లేనివాడికి పెట్టడం దండగ.' ఇప్పుడు మీ చీర దీనికి తగులుతుందా?

లాయరు: ఊఁ... తగలదు. (కాసేపు ఆగి) అట్లయితే, పెట్టేది దేవుడి కోసం కాదు, పెట్టేవాడి మనసు కోసం అంటాను.

అధ్యాపకురాలు: అదీ. చర్చ ఒక అడుగు కదిలింది.

విద్యార్థిని: నేను శనివారం శనివారం దేవుని కడపకు పోతాను మేడం. వేమన వాదన గట్టిదని రాస్తే గుడి మానేయాలేమో అని టెన్షన్.

అధ్యాపకురాలు: నచ్చని ముగింపుకు గట్టి వాదన ఉండొచ్చు. నచ్చిన ముగింపుకు పుచ్చు వాదన ఉండొచ్చు. నేను రెండో రకం దగ్గరే భయపడతాను. మన పక్షం కదా, కళ్లు మూసుకుని మార్కులు వేసేస్తాం.

సమన్వయకర్త: పాతవాళ్లు దీనికి ఏదో లెక్క చెప్పారు కదా?

అధ్యాపకురాలు: న్యాయదర్శనంలో, అంటే మన పాత తర్కశాస్త్రంలో, వాదనకు ఐదు మెట్లు: ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం. అదే వరసలో చూడండి. కొండ మీద నిప్పుంది. ఎందుకంటే పొగ ఉంది. పొగ ఉన్నచోట నిప్పుంటుంది, వంటింట్లో మాదిరి. ఈ కొండ మీదా అట్లాంటి పొగే. కాబట్టి నిప్పుంది. పిల్లలు దీన్ని గడగడా అప్పజెబుతారు. నేను చలికాలం పొద్దున్నే పాలకొండల వైపు చూడమంటాను. తెల్లగా లేస్తూ ఉంటుంది. పొగా, మంచా? మంచైతే హేతువే లేదు. మిగతా మెట్లు ఎంత బాగా కట్టినా గాలిలో ఉన్నట్టే. దీన్ని అసిద్ధం అన్నారు. ఇక వాదనను తిప్పి, 'నిప్పుంది కాబట్టి పొగ ఉంటుంది' అన్నారనుకోండి. కొలిమిలో ఎర్రగా కాలిన ఇనుములో నిప్పుంది, పొగ ఏదీ? ఇక్కడ చూసింది నిజమే, లంకె తప్పు. ఈ రెండు జబ్బులకూ మందు వేరు.

లాయరు: మాకు ఎక్కువగా మాట పట్టుకునే గొడవ.

అధ్యాపకురాలు: దాని పేరు ఛలం. 'నవకంబళం' కప్పుకున్నాడు అని ఒకడంటే, 'తొమ్మిది ఎక్కడివయ్యా, ఉన్నది ఒక్కటే గొంగడి కదా' అన్నాడట ఇంకొకడు. నవ అంటే కొత్తదనీ, తొమ్మిదనీ. టీవీ చర్చల్లో సగం ఇదే.

సమన్వయకర్త: మా జోలికి ఎందుకులెండి మేడం. (నవ్వులు)

విద్యార్థిని: స్క్రిప్టు కాగితం వెనక మళ్లీ రాశాను మేడం, చదవనా? 'లోటు లేనివాడికన్నా ముందు లోటున్నవాడికి పెట్టాలి. దేవుడికి లోటు లేదు. కాబట్టి బొమ్మకన్నా ముందు ఆకలిగొన్నవాడికి పెట్టాలి. దీనికి అభ్యంతరం: పెట్టడం పెట్టేవాడి మనసును మారుస్తుంది. కానీ ఆకలిగొన్నవాడికి పెట్టినా మనసు మారుతుంది. మరి బొమ్మకే ఎందుకు పెట్టాలి?'

(ఇక్కడ రికార్డింగులో కొన్ని క్షణాలు ఏమీ లేదు. కుర్చీ కిర్రుమన్న చప్పుడు మాత్రం ఉంది.)

లాయరు: ఇది తిరిగి నా మీదికే వచ్చిందే!

అధ్యాపకురాలు: జవాబు చెప్పండి సార్.

లాయరు: వాయిదా ఇప్పించండి మేడం.