అభివృద్ధికి కొలబద్ద ఏది?

సభాధ్యక్షులకు, విజయవాడ పౌరమిత్రులకు నమస్కారం.

ఒక దేశం బాగుపడిందా లేదా అని చెప్పే ముందు, బాగుపడటమంటే ఏమిటో తేల్చుకోవాలి. ప్రపంచ బ్యాంకు తలసరి స్థూల జాతీయాదాయాన్ని బట్టి దేశాలను నాలుగు వర్గాలుగా విభజిస్తుంది. ఆ లెక్కలో మనది దిగువ మధ్యాదాయ దేశం. ఈ కొలత పనికిరానిదని నేను అనను, ఎందుకంటే ఆదాయం లేనిచోట బడులూ ఆసుపత్రులూ నిలబడవు. అయితే జాతీయాదాయ లెక్కలకు రూపమిచ్చిన సైమన్ కుజ్నెట్స్, దాన్ని బట్టి ఒక జాతి సంక్షేమాన్ని నిర్ధారించడం కష్టమని 1934లోనే అమెరికా కాంగ్రెస్‌కు సమర్పించిన నివేదికలో హెచ్చరించారు.

ఆ వెలితిని పూరించడానికే పాకిస్తాన్ ఆర్థికవేత్త మహబూబ్ ఉల్ హక్ 1990లో ఆయుర్దాయం, విద్య, ఆదాయం కలిపి మానవాభివృద్ధి సూచికను తెచ్చారు. ఇంత ముతక కొలత ఎందుకని మొదట సంశయించిన అమర్త్య సేన్‌ను, జాతీయోత్పత్తి అంకెతో పోటీపడాలంటే అంత సులువైన అంకె మరొకటి కావాలని ఆయన ఒప్పించారు.

ఈ సూచికలో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది 2010లో జరిగిన మార్పు. అంతకుముందు మూడు అంశాలనూ కూడి మూడుతో భాగించేవారు. సున్నా నుంచి ఒకటి వరకు ఉండే ఈ కొలతలో ఒక దేశానికి ఆదాయంలో 0.9, విద్యలో 0.9, ఆయుర్దాయంలో 0.3 వచ్చాయనుకుందాం, పాత పద్ధతిలో 0.7 వస్తుంది, అంటే మూడింటిలోనూ 0.7 ఉన్న దేశంతో సమానం. ఇప్పుడు మూడింటినీ గుణించి ఘనమూలం తీస్తారు కనుక అది సుమారు 0.62కు పడిపోతుంది. మనుషులు తొందరగా చనిపోతుంటే, ఆ లోటును డబ్బు పూర్తిగా పూడ్చలేదని ఈ గణితం ఒప్పుకుంది.

సూచిక దేశాన్ని చూస్తుంది గాని ఇంటిని చూడదు. ఇంటిని చూసేందుకు సబీనా అల్కైర్, జేమ్స్ ఫోస్టర్ల పద్ధతిపై బహుముఖ పేదరిక సూచిక 2010లో వచ్చింది. అందులో పది అంశాలు ఉండగా, మన నీతి ఆయోగ్ ప్రసూతి ఆరోగ్యాన్నీ బ్యాంకు ఖాతానూ చేర్చి పన్నెండు చేసింది. ఒక్కో అంశానికి దాని ప్రాముఖ్యాన్ని బట్టి కొంత భారం ఇస్తారు; మొత్తం భారంలో మూడో వంతుకు తగ్గని లేమి ఉన్న కుటుంబమే పేదది.

గుంటూరులో మిర్చికి తొడిమలు తీసే మహిళను తలచుకోండి. ఆమె పిల్లలు బడికి వెళుతూ, ఇంట్లో గ్యాసు, కరెంటు, మరుగుదొడ్డి, ఖాతా ఉంటే ఆ కుటుంబం గీత దాటినట్టు నమోదయ్యే అవకాశమే ఎక్కువ. సీజను ముగిశాక పని దొరుకుతుందా, ఘాటుకు ఆమె చేతులూ కళ్ళూ ఎంత మండుతున్నాయి అన్న ప్రశ్నలకు ఆ పన్నెండులో చోటు లేదు. ఇక ఇంటికి వచ్చి ఆమె వండే అన్నం జాతీయోత్పత్తిలోకీ రాదు.

ఉపాధి భద్రతను ఈ పేదరిక సూచికలో చేర్చాలని నా అభిప్రాయం. అది కాగితం మీద మరో గడి గీసినంత తేలిక కాదు. ఈ పద్ధతిలో వివరాలన్నీ ఒకే కుటుంబం నుంచి రావాలి. నీతి ఆయోగ్ లెక్క జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేపై ఆధారపడింది, ఉపాధి వివరాలేమో శ్రామికశక్తి సర్వేలో వేరే ఇళ్ళ నుంచి వస్తున్నాయి. కాబట్టి ముందుగా మారవలసింది ఆరోగ్య సర్వే ప్రశ్నావళి.