మాల తీసిన మరునాడు

[తెర మీద: ఆదోని పత్తి మార్కెట్ యార్డు, తెల్లవారుజాము. వ్యాఖ్యాత కనబడడు, గొంతు మాత్రమే.]

డిసెంబరులో ఆదోని యార్డుకు వెళితే నల్లబట్టల్లో ఉన్న హమాలీలు కనబడతారు. మెడలో అయ్యప్ప మాల, నుదుట గంధం, వీపు మీద బస్తా. నెల క్రితం వీళ్లలో ఒకడు రోజూ పొద్దుగూకాక గోడ పట్టుకుని ఇంటికి నడిచేవాడు. ఇప్పుడు చన్నీళ్ల స్నానం, మధ్యాహ్నం భిక్ష, నేల మీద పడక. 41 రోజులు చుక్క ముట్టడు. చాటుగా బీడీ కాల్చే స్వాములూ లేకపోలేదు, ఆ సంగతి అలా ఉంచుదాం.

మరి 42వ రోజు?

ఈ హమాలీకి నేను పేరు పెట్టలేదు. ఇతను ఒక్క మనిషి కాదు. కర్నూలు జిల్లాలో ఏ వీధికి వెళ్లినా ఎదురయ్యే చాలామందిని కలిపి చెబుతున్నాను.

[తెర మీద: పిల్లవాడి పాత నోటుపుస్తకం, చివరి పేజీలో పెన్సిల్ లెక్క.]

2024 అక్టోబరులో వచ్చిన మద్యం విధానంతో క్వార్టర్ సీసా 99 రూపాయలకే దొరుకుతోంది. రోజుకు ఒకటి చొప్పున ఏడాదికి 36,135 రూపాయలు. బెల్టు షాపులో కొంటే పైన ఇంకొంత. బీడీ కట్టలు, గుట్కా, నంజుకునే పల్లీలు, తోటివాళ్ల దగ్గర తీసుకున్న చేబదుళ్లు ఈ లెక్కలోకి రావు.

అసలు నష్టం ఇంకోచోట ఉంది. అతని భార్య పొదుపు సంఘంలో సభ్యురాలు. కంతు కట్టాల్సిన రోజు పప్పు డబ్బాలో చేయి పెడితే దాచిన నోట్లు ఉండవు. సంఘంలో ఒకరు కట్టకపోతే మిగతావాళ్లందరికీ ఇబ్బంది. ఆమె ఒకసారి జ్వరమంటుంది, ఇంకోసారి పుట్టింట్లో చావంటుంది. మూడోసారి ఆమె మాట ఎవరూ నమ్మరు. తాగింది అతను, మాట పోయింది ఆమెది. ఊళ్లో అప్పు పుట్టించేది ఆస్తి కంటే ముందు మాటే కదా.

[తెర మీద: కిరాణా కొట్టు. బల్ల మీద చిల్లర పెడుతున్న చిన్న చేయి.]

"నాన్నకేనా?"

"అవును మామా."

కట్ట చేతిలో పడుతుంది. 18 ఏళ్లలోపు వాళ్లకు పొగాకు అమ్మకూడదని 2003 నాటి చట్టం చెబుతోంది. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారమైతే పిల్లలకు మద్యం, పొగాకు ఇచ్చినవారికి ఏడేళ్ల దాకా జైలు పడవచ్చు. ఆ కొట్టతన్ని జైల్లో వేయాలని నేను అడగడం లేదు. అతనూ మంచివాడే, పిల్లవాడి చేతిలో ఒక చాక్లెట్ కూడా పెడతాడు. కానీ పదేళ్లకే బీడీ కట్ట ధర, రకం, అగ్గిపెట్టె ఉండే చోటు తెలిసిపోయిన పిల్లవాడికి మిగిలింది వెలిగించడమే.

వాడికి ఇంకో విద్య కూడా వచ్చింది. సందు మొదట్లో వినబడే చెప్పుల చప్పుడును బట్టి ఇవాళ నాన్న ఎంత తాగాడో చెప్పగలడు. ఈడ్చుకుంటూ వస్తే పుస్తకం మూసేసి నిద్రపోతున్నట్టు పడుకుంటాడు. స్నేహితులను ఇంటికి రమ్మనడం ఎప్పుడో మానేశాడు.

[తెర మీద: ఉదయం. టీ గ్లాసు పట్టుకున్న చేయి వణుకుతోంది.]

"పొద్దున్నే ఒక పెగ్గు పడితేగానీ చేయి నిలవదు" అంటారు. అందులో అబద్ధం లేదు. మద్యం మెదడును మందగింపజేస్తుంది. రోజూ అదే జరుగుతుంటే దాన్ని తట్టుకోవడానికి మెదడు తన వేగం పెంచుకుంటుంది. ఉన్నట్టుండి మద్యం ఆగితే ఆ వేగానికి పగ్గం ఉండదు. వణుకు, చెమటలు, మొదటి రెండు రోజుల్లో మూర్ఛలు, ఆ తర్వాత కొందరిలో లేనివి కనబడడం, మతి తప్పడం. ప్రాణాలు పోయే స్థితి అది. ఏళ్ల తరబడి పొద్దున్నే మొదలుపెట్టే మనిషి మాల వేసుకోవాలనుకుంటే గురుస్వామి కంటే ముందు డాక్టరును కలవాలి. కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ఆ గుమ్మం తొక్కితే పిచ్చివాడంటారని భయం. తాగి మురికికాలవ పక్కన పడుకుంటే ఎవరూ అలా అనరు, విచిత్రం!

బస్టాండు గోడల మీద ప్రకటనలు చూసే ఉంటారు: తెలియకుండా అన్నంలో కలపండి, తాగుడు మాన్పించండి. ఇలా అమ్మే పొడుల్లో ఏముంటుందో కొన్నవాళ్లకు తెలియదు. డాక్టర్లు వాడే డైసల్ఫిరామ్ అనే మాత్ర ఉంది. దాన్ని వేసుకుని తాగితే మద్యం ఒంట్లో పూర్తిగా విరగక విషంలా పేరుకుంటుంది. ముఖం ఎర్రబడుతుంది, వాంతులవుతాయి, గుండె దడదడలాడుతుంది, రక్తపోటు పడిపోతుంది. తాను మాత్ర వేసుకున్నానని తెలిసిన మనిషి భయంతో సీసాకు దూరంగా ఉంటాడు, అదే దాని పని. తెలియనివాడు మామూలుగానే తాగేస్తాడు. ప్రేమతోనే కలిపినా, దొంగతనంగా పెట్టే ఆ ముద్ద ప్రాణం తీయవచ్చు.

[తెర మీద: పీఠం ముందు భజన.]

ఇప్పుడు 41 రోజుల దగ్గరకు వద్దాం. భక్తి వల్లే మానాడంటే నేను కాదనను. కానీ ఆ రోజుల్లో అతని చుట్టూ ఏం మారిందో చూడండి. నిన్నటిదాకా "ఒరే" అన్న మేస్త్రీ "స్వామీ" అంటాడు. క్వార్టర్ పంచుకుందామని పిలిచినవాడు ఎదురుపడి దండం పెడతాడు. సాయంత్రం ఆరింటికి ఎక్కడికి వెళ్లాలో ముందే తెలుసు, అక్కడ పదిమంది తోడు ఉంటారు. భార్య ఇరుగుపొరుగును పిలిచి భిక్ష పెడుతుంది. ఎన్నాళ్లకో ఆ ఇంటికి జనం వచ్చారు.

తాగేది ఒక్కడే అయినా మాన్పించింది ఊరంతా. ఇరుముడి దించి మాల తీయగానే ఆ ఊరు మళ్లీ మాయమవుతుంది. తోటివాళ్లు "ఇక దీక్ష అయిపోయిందిగా" అంటూ భుజం మీద చేయి వేస్తారు.

నిషేధం గురించి రెండు మాటలు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. 1993 అక్టోబరులో సారాను నిషేధించిన ముఖ్యమంత్రి కోట్ల విజయభాస్కరరెడ్డి మన కర్నూలు జిల్లా మనిషే. 1995లో ఎన్టీఆర్ సంపూర్ణ నిషేధం తెచ్చారు, 1997లో అది పోయింది. ఇక్కడ తలుపు మూస్తే కర్ణాటక మద్యం టెట్రా ప్యాకెట్లు సరిహద్దు దాటి వస్తాయని ఆదోని, కోసిగి వాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు.

మద్యం సంగతి అలా ఉంటే, గంజాయికి అలవాటుపడ్డ పిల్లల విషయంలో తల్లిదండ్రుల నోరు కట్టేసేది పోలీసు కేసు భయం. వాడకానికో, కొద్దిపాటి సరుకుకో కేసులో ఇరుక్కున్న వ్యసనపరుడు తనంతట తానే గుర్తింపు పొందిన కేంద్రంలో చికిత్సకు సిద్ధపడితే, మాదకద్రవ్యాల మీద ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టంలోని 64ఎ సెక్షన్ విచారణ నుంచి రక్షణ ఇస్తుంది. చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు.

[తెర మీద: అంకెలు మాత్రమే. వ్యసన విముక్తికి 14446. మానసిక ఆరోగ్యానికి టెలీ మానస్ 14416.]

[తెర మీద: యార్డు, జనవరి. అదే హమాలీ, మామూలు చొక్కాలో.]

మాల తీసిన మరునాడు మేస్త్రీ అలవాటు కొద్దీ "స్వామీ, ఈ బండి చూడు" అని కేకేశాడు. తోటి హమాలీలు గొల్లుమన్నారు. మేస్త్రీ మాత్రం నవ్వలేదు, మాట మార్చుకోలేదు. సాయంత్రం కూలి పంచేటప్పుడూ అదే పిలుపు. ఆరింటికి అందరూ ఎప్పటిలాగే రోడ్డు దాటి మద్యం షాపు వైపు నడిచారు. మేస్త్రీ, అతనూ టీ కొట్టు బల్ల మీద కూర్చున్నారు. చేయి కొంచెం వణికి, గ్లాసులోని టీ పంచె మీద ఒలికింది. మేస్త్రీ ఇంకో టీ చెప్పాడు.