ఫోన్-ఇన్: టికెట్ మీద మనవాళ్ళ పేరుంటే ఓట్లు కదులుతాయా?

నిర్వాహకురాలు: నమస్కారమండీ. అమెరికా ఎన్నికల్లో టికెట్ అంటే అధ్యక్ష, ఉపాధ్యక్ష అభ్యర్థుల జోడీ. అందులో అధ్యక్ష అభ్యర్థి తన పక్కన ఉపాధ్యక్ష పదవికి, అంటే రన్నింగ్ మేట్‌గా, ఎవరిని నిలబెడితే ఆ జాతి ఓట్లు అటే వెళ్తాయా? ఈరోజు విషయం అదే. సర్వే లెక్కల విశ్లేషకుడొకరు, అమెరికాలోని తెలుగువాళ్ళకి ఓటరు నమోదు నేర్పే శిక్షకురాలొకరు మనతో ఉన్నారు. మొదటి కాల్ జార్జియా రాష్ట్రం, కమింగ్ నుంచి. చెప్పండి.

కాలర్ (కమింగ్): నమస్కారమండి. 2020లో డెమొక్రాట్ల అభ్యర్థి బైడెన్ తన రన్నింగ్ మేట్‌గా కమలా హారిస్ పేరు ప్రకటించగానే మా వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే సందడి. ఆవిడ వల్లే మనవాళ్ళు, నల్లజాతివాళ్ళు బారులు తీరి ఓటేశారని ఇప్పటికీ అంటుంటారు. వచ్చేసారి వాలంటీరుగా దిగుదామనుకుంటున్నాను. టికెట్ మీద మన మూలాలవాళ్ళుంటే ఆ మాట చెప్పి ఓట్లు అడగొచ్చా?

విశ్లేషకుడు: ఆ ఒక్క మాటే పట్టుకుని గుమ్మాలెక్కకండి. ఇంటికి పోస్టులో వచ్చే బ్యాలెట్ ఎప్పుడైనా చూశారా? అధ్యక్షుడి పేరు, ఉపాధ్యక్షుడి పేరు ఒకే చోట అచ్చువేసి ఉంటాయి. నింపాల్సిన గుండ్రం ఒక్కటే. బైడెన్ వద్దుగానీ హారిస్ కావాలి అనడానికి వీల్లేదు. జనం పై పేరు చూసి, పార్టీ చూసి వేస్తారు. రెండో పేరు వాళ్ళ ఉత్సాహాన్ని కాస్త పెంచుతుంది, లేదా తగ్గిస్తుంది.

ఇక 2020 లెక్కలు. జనాభా లెక్కల శాఖ ప్రతి ఎన్నిక తర్వాత చేసే సర్వే ప్రకారం, 2016లో దేశం మొత్తమ్మీద పోలింగ్ సుమారు 61 శాతం, 2020లో సుమారు 67. నల్లజాతి ఓటర్లలో అది దాదాపు 60 నుంచి 63కి పెరిగింది. అంటే దేశమంతా ఐదారు పాయింట్లు పెరిగితే వాళ్ళలో మూడే పెరిగాయి. హారిస్ పేరే జనాన్ని లాక్కొచ్చి ఉంటే వాళ్ళు దేశం సగటు కన్నా ముందుండాలి కదా?

కాలర్ (కమింగ్): మరి ఆసియన్ల సంగతో?

విశ్లేషకుడు: వాళ్ళ పోలింగ్ మాత్రం బాగా పెరిగింది, దాదాపు 49 నుంచి 60కి. ఇక్కడే చాలామంది పొరబడతారు. ఆ ఏడాది కోవిడ్ వల్ల చాలా రాష్ట్రాల్లో పోస్టు బ్యాలెట్ సులువైంది, పోటీ హోరాహోరీగా ఉంది, పార్టీలు కూడా ఆసియన్ ఓటర్ల మీద ముందుకన్నా ఎక్కువ దృష్టి పెట్టాయి. వీటిలో హారిస్ వాటా ఎంతో విడదీసి చూపించలేం. ఇంకోటి. ఎగ్జిట్ పోల్స్‌లో ఆసియన్ల మద్దతు 2016లో హిల్లరీ క్లింటన్‌కి 65 శాతం ఉంటే, హారిస్ పక్కనున్న బైడెన్‌కి 61. ఎగ్జిట్ పోల్స్‌లో ఆసియన్ల నమూనా చిన్నది కాబట్టి ఆ నాలుగు పాయింట్లు నిజంగా తగ్గాయనీ అనలేం. పెరిగాయనడానికి మాత్రం అక్కడ ఆధారం లేదు.

పాత ఉదాహరణ ఇంకా స్పష్టంగా ఉంటుంది. 2000లో డెమొక్రాట్ల అభ్యర్థి అల్ గోర్ తన పక్కన జో లీబర్‌మన్‌ని నిలబెట్టారు. పెద్ద పార్టీ టికెట్ మీద మొదటి యూదు ఆయనే. 1996లో బిల్ క్లింటన్‌కి యూదుల ఓట్లు 78 శాతం వస్తే, 2000లో గోర్‌కి 79 వచ్చాయి. అప్పటికే నిండిన కుండ అది, ఇంకా పోస్తే ఎక్కడ పడుతుంది? నల్లజాతి ఓట్లదీ అదే స్థితి. 2016లో ఎగ్జిట్ పోల్ ప్రకారం 89 శాతం డెమొక్రాట్లకే వెళ్ళాయి. మనసు మార్చాల్సినవాళ్ళు కొద్దిమందే. దొరికే లాభమల్లా ఇంట్లో కూర్చున్నవాళ్ళని బూత్ దాకా తీసుకురావడంలోనే ఉంది.

ఇది కూడా చూడండి. 2020 ఫిబ్రవరి 29న దక్షిణ కరోలినా ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో, నల్లజాతి ఓటర్లే బైడెన్‌ని నిలబెట్టారు. హారిస్ అధ్యక్ష పోటీ నుంచి అంతకు ముందు డిసెంబరులోనే తప్పుకున్నారు, ఆవిడకి వాళ్ళలో అప్పట్లో పెద్ద మద్దతు లేదు. బైడెన్ ఆవిడ పేరు ప్రకటించింది ఆగస్టు 11న. వాళ్ళు తమ మనిషిని ఎంచుకున్న అయిదు నెలలకి టికెట్ మీదికి ఆవిడ వచ్చారు.

శిక్షకురాలు: అయినా ఆ చిన్న ప్రభావాన్ని తీసిపారేయొద్దండీ. 2020లో మీ జార్జియాలో బైడెన్‌కీ ట్రంప్‌కీ తేడా 11,779 ఓట్లే. ఇక గుమ్మం దగ్గర పనికొచ్చేది చెప్తాను. 1998లో కనెక్టికట్ రాష్ట్రం న్యూ హేవెన్‌లో సుమారు 30,000 మంది ఓటర్ల మీద ఒక ప్రయోగం చేశారు. మనిషి ఎదురుగా వెళ్ళి మాట్లాడితే, అలా మాట్లాడినవాళ్ళలో పోలింగ్ ఎనిమిది తొమ్మిది పాయింట్లు పెరిగింది. డబ్బిచ్చి చేయించిన ఫోన్ కాల్స్ దాదాపు ఏమీ మార్చలేదు. కాబట్టి గుమ్మం దగ్గర ‘మనావిడ నిలబడింది’ అని మొదలుపెట్టకండి. ఈ చిరునామాలో ఓటు ఉందా, ఏ రోజు వేస్తారు, ముందస్తు ఓటింగా, పోస్టా, చివరి రోజా, ఎవరి కారులో వెళ్తారు అని అడగండి. జవాబు వాళ్ళ నోటితోనే రావాలి, మీరు అందించకూడదు. పోస్టు బ్యాలెట్ కావాలంటే జార్జియాలో దరఖాస్తు ఎన్నికకి 11 రోజుల ముందే ఎన్నికల ఆఫీసు చేతికి చేరాలి. చాలామంది తప్పేది ఇక్కడే, 11వ రోజున పోస్టులో వేస్తే సరిపోతుందనుకుంటారు. ఇంకో మాట, మనవాళ్ళకి వరుసలో నిలబడ్డవారికి నీళ్ళో పులిహోరో పంచడం అలవాటు. జార్జియాలో పోలింగ్ భవనానికి 150 అడుగుల లోపల అది నేరం.

నిర్వాహకురాలు: తర్వాతి కాల్ హైదరాబాద్ నుంచి.

కాలర్ (హైదరాబాద్): సార్, నేను ఎంఏ రాజనీతి శాస్త్రం. ఇదే విషయం మీద ప్రాజెక్టు చేస్తున్నాను. భారతీయ అమెరికన్ల మీద కార్నెగీ సంస్థ సర్వేలు తీసుకున్నాను. 2020 సర్వేలో దాదాపు 45 శాతం మంది హారిస్ వల్ల ఓటేసే ఆసక్తి పెరిగిందన్నారు. అంటే ప్రభావం ఉన్నట్టేగా?

విశ్లేషకుడు: మంచి డేటా తీసుకున్నావు బాబూ, కానీ దాన్ని చదవడంలో మూడు గోతులున్నాయి. మొదటిది ప్రశ్న. ‘ఆమె వల్ల మీకు ఆసక్తి పెరిగిందా’ అని అడిగితే, ఎలాగూ ఓటేసేవాడు కూడా పెరిగిందనే అంటాడు. అది అభిమానం కొలత, ఓటు కొలత కాదు. అదే సర్వేలో దాదాపు 40 శాతం తేడా లేదన్నారు, 10 శాతం తగ్గిందన్నారు. ఆ 10 శాతాన్ని రిపోర్టులో వదిలేయకు.

రెండోది నమూనా సైజు. 2020లో వాళ్ళడిగిన పౌరులు 936 మంది, 2024లో 714. తేడా పరిధులు, అంటే సర్వే లెక్క అటూ ఇటూ ఎంత తప్పొచ్చో చెప్పేవి, ప్లస్ ఆర్ మైనస్ 3.2, 3.7. రెండేళ్ళని పోల్చేటప్పుడు ఈ రెండు పరిధుల్నీ విడివిడిగా వర్గం చేసి, కూడి, వర్గమూలం తీయి. దగ్గర దగ్గర 4.9 వస్తుంది. 2020లో బైడెన్‌కి వేస్తామన్న నమోదిత ఓటర్లు 72 శాతం, 2024లో హారిస్‌కి 61. తగ్గుదల 11 పాయింట్లు, 4.9 కన్నా చాలా ఎక్కువ, కాబట్టి అది గట్టి తేడా. ఇప్పుడు దాని అర్థం చూడు. 2024లో భారతీయ మూలాలున్న హారిస్ రన్నింగ్ మేట్‌గా కాదు, అధ్యక్ష అభ్యర్థిగానే ఉన్నారు. అయినా మద్దతు తగ్గింది. జాతి ఒక్కటే ఓటుని నడిపిస్తే ఇలా జరగదు.

మూడోది ఉపగుంపులు. వెయ్యిమంది జాతీయ సర్వేలో నల్లజాతివాళ్ళు సుమారు 130 మంది వస్తారు. 130 మందికి తేడా పరిధి ఎనిమిదిన్నర పాయింట్ల పైనే. అందులో రెండు మూడు పాయింట్ల కదలిక చూసి శీర్షిక పెట్టే పత్రికల్ని నీ ప్రాజెక్టులో ఉదహరించకు.

కాలర్ (హైదరాబాద్): మరి నిజంగా కొలవాలంటే ఎలా సార్?

విశ్లేషకుడు: ప్రయోగం చేయాలి. జనాన్ని చీటీలు తీసినట్టు రెండు సగాలు చేసి, ఒక సగానికి అధ్యక్ష అభ్యర్థుల పేర్లే చూపించాలి, రెండో సగానికి రన్నింగ్ మేట్ పేర్లు కూడా కలిపి చూపించాలి. మిగతా ప్రశ్నపత్రం అక్షరం మారకూడదు. జాతికి సంబంధించిన ప్రశ్నలు ఓటు ప్రశ్న తర్వాతే పెట్టు. ముందు పెడితే ఆ ఆలోచన నువ్వే వాళ్ళ తలలో పెట్టినట్టవుతుంది. ఇప్పుడు ఎంతమంది కావాలి? సగం సగం చీలిన ఓటులో మూడు పాయింట్ల ప్రభావాన్ని 80 శాతం అవకాశంతో పట్టాలంటే ఒక్కో సగంలో సుమారు 4,400 మంది ఉండాలి. ఆసియన్లలో అంతమందిని పోగుచేయడం చాలా ఖర్చు, అందుకే ఈ విషయంలో గట్టి జవాబులు తక్కువ.

దానికి బదులుగా కౌంటీల (మన జిల్లాల్లాంటివి) వారీ ఫలితాలు తీసి ఆసియన్ల శాతంతో పోల్చాలని నీకనిపిస్తుంది. వద్దు. జార్జియాలోని ఫోర్సిత్ కౌంటీలో ఆసియన్లు పెరిగారు, డెమొక్రాట్ల ఓటూ పెరిగింది అంటే ఆసియన్లే వేశారని కాదు. పక్కింటి తెల్లవాళ్ళు మారి ఉండొచ్చు. జార్జియా, ఉత్తర కరోలినా లాంటి కొన్ని దక్షిణాది రాష్ట్రాల ఓటరు జాబితాలో జాతి గడి ఉంటుంది, ఎవరు ఓటేశారో తెలుస్తుంది. ఎవరికి వేశారో మాత్రం తెలియదు. పోలింగ్ శాతం మీద పనిచేయాలనుకుంటే ఆ జాబితాలే నీకు బంగారం.

నిర్వాహకురాలు: తణుకు నుంచి పెద్దాయన లైన్లో ఉన్నారు. చెప్పండి బాబాయ్ గారూ.

కాలర్ (తణుకు): అమ్మా, మా పక్కనే వడ్లూరు. ఉషా వాన్స్ గారి పూర్వీకులది ఆ ఊరే. 2024లో ఇక్కడ గుళ్ళో పూజలు కూడా చేశారు. మరి తెలుగువాళ్ళ ఓట్లు ఆవిణ్ణి చూసి ట్రంప్ గారికి పడ్డట్టేనా?

విశ్లేషకుడు: మీ ఊరి అభిమానం నిజం బాబాయ్ గారూ. కానీ ఆవిడ పోటీలో లేరు, బ్యాలెట్ మీద ఉన్నది ఆవిడ భర్త, ట్రంప్ రన్నింగ్ మేట్ జేడీ వాన్స్ గారి పేరు. ఇందాకటి కార్నెగీ సర్వేల్లో 2020 నుంచి 2024కి భారతీయ అమెరికన్లలో ట్రంప్ మద్దతు 22 నుంచి 32 శాతం దాకా పెరిగిన మాట నిజమే. ఆ పెరుగుదల ఎక్కువగా కుర్రాళ్ళలో, మగవాళ్ళలో కనిపించింది. తెలుగువాళ్ళని విడిగా లెక్కగట్టేంత మంది ఆ సర్వేలో లేరు. ధరలు, ఉద్యోగాల గురించి అడిగితే జనం గంటసేపు మాట్లాడతారు, రన్నింగ్ మేట్ భార్య గురించి ఒక్క నిమిషం. నా అంచనాలో ఆవిడ వల్ల మారింది మాటల వాతావరణం, ఓట్లు బహు స్వల్పం.

కాలర్ (తణుకు): మన దగ్గర అయిదుగురు ఉప ముఖ్యమంత్రుల్ని పెట్టినట్టు కాదన్నమాట.

విశ్లేషకుడు: కాదండీ. 2019లో ఇక్కడ ఎస్సీ, ఎస్టీ, బీసీ, కాపు, మైనారిటీ వర్గాల నుంచి అయిదుగురిని వేసింది గెలిచాక. రన్నింగ్ మేట్‌ని ముందే ప్రకటిస్తారు, జనం ఇద్దరికీ కలిపి వేస్తారు.

నిర్వాహకురాలు: చివరి కాల్, టెక్సస్ రాష్ట్రం ఫ్రిస్కో నుంచి.

కాలర్ (ఫ్రిస్కో): అక్కా, మా అమ్మకి ఈమధ్యే పౌరసత్వం వచ్చింది. ఇంగ్లిష్ చదవలేదు. టికెట్ మీద మనవాళ్ళ పేరుంటేనే వేస్తానంటుంది. ఏం చేయను?

శిక్షకురాలు: ఎవరికి వేయాలన్నది ఆమె ఇష్టం, అక్కడ నువ్వు ఏమీ చెప్పకు. నీ పని ఆమె చేతికి బ్యాలెట్ అందేలా చూడటం. టెక్సస్‌లో ఇంటర్నెట్‌లో కొత్త నమోదు లేదమ్మా. ఫారం ప్రింటు తీసి, ఆమె చేత సంతకం పెట్టించి, ఎన్నికకి 30 రోజుల ముందే పోస్టు చేయాలి. సంతకం మరిచిపోతే వెనక్కొస్తుంది. గుర్తింపుకి అమెరికా పాస్‌పోర్టో, టెక్సస్ లైసెన్సో, ఫొటో ఉన్న పౌరసత్వ సర్టిఫికెట్టో చాలు. ఓసీఐ కార్డు (భారత మూలాలున్న విదేశీ పౌరులకి ఇండియా ఇచ్చేది), ఇండియా పాస్‌పోర్టు పనికిరావు.

చదవలేని ఓటరు తనకి నచ్చినవాళ్ళని వెంట తెచ్చుకోవచ్చని ఓటు హక్కుల చట్టం 208వ సెక్షన్ చెబుతుంది. తన యజమాని, యజమాని మనిషి, యూనియన్ అధికారి మాత్రం కాకూడదు. కూతురివి నువ్వు వెళ్ళొచ్చు. నీ వివరాలు రాసి ప్రమాణం చేయమంటారు, చెయ్యి. లోపల ప్రతి పేరూ, పార్టీతో సహా, ఉన్నదున్నట్టు తెలుగులో చదివి వినిపించు.

కాలర్ (ఫ్రిస్కో): మా నాన్నకి ఇంకా గ్రీన్ కార్డే అక్కా. ఆయన్నీ నమోదు చేయించేయనా?

శిక్షకురాలు: వద్దు తల్లీ, అస్సలు వద్దు! గ్రీన్ కార్డుతో ఓటేస్తే నేరం, పౌరసత్వం ఆగిపోతుంది, దేశం నుంచి పంపించేయొచ్చు కూడా. లైసెన్సు ఆఫీసులో ‘ఓటుకి నమోదు చేయమంటారా’ అని గుమాస్తా అడిగితే అలవాటుగా సరేనంటారు, చాలామంది ఇరుక్కునేది అక్కడే. ఆయన వెళ్ళేటప్పుడు నువ్వూ వెళ్ళు. పౌరుడినా అన్న గడి దగ్గర కాదు అని గుర్తు పెట్టించు, సంతకం పెట్టేముందు ఫారం మొత్తం ఒకసారి చదివి చూడు.