లీడర్‌షిప్ ప్రశ్నలకు జవాబులు బట్టీ పట్టకండి

[తెర మీద ఒకే ప్రశ్న: "మీ టీమ్‌లో ఇద్దరికి పడనప్పుడు మీరేం చేశారు?"]

నమస్కారం. ఉద్యోగ ఇంటర్వ్యూలో ఈ ప్రశ్నకు చాలామంది చెప్పే జవాబు ఒకటే. "ఇద్దర్నీ కూర్చోబెట్టి మాట్లాడానండి, సమస్య తీరిపోయింది." వెంటనే రెండో ప్రశ్న వస్తుంది. "ముందు ఎవరితో మాట్లాడారు? ఏమని మొదలుపెట్టారు? ఆయన ఒప్పుకోకపోతే?" అక్కడ మాట తడబడుతుంది. జవాబు తయారు చేసుకున్నాం కానీ, జరిగిందేమిటో గుర్తు తెచ్చుకోలేదు.

ఇంటర్వ్యూ చేసేవాళ్లకు కావలసింది ఆ జరిగిందే. ఈ ఆలోచన పాతదే. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా వైమానిక దళంలో పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ ఫ్లానగన్ బృందం, మంచి పైలట్ ఎలా ఉండాలన్న అభిప్రాయాలతో సరిపెట్టుకోలేదు. ఫలానా సందర్భంలో ఎవరు ఏం చేశారో సేకరించింది. ఆ పద్ధతిని ఆయన 1954లో వివరంగా ప్రచురించారు. "మీరు మంచి లీడరేనా?" అని అడిగితే ఎవరైనా అవుననే అంటారు కదా!

[తెర మీద: తెల్ల కాగితం, పెన్ను]

అందుకే ముందు ఒక కాగితం తీసుకోండి. మీ మాటను టీమ్ కాదన్న రోజు, గడువు తప్పిన పని, మీ నిర్ణయం తప్పని తేలిన సందర్భం, మీరు చేయగలిగిన పనినే ఇంకొకరికి అప్పగించిన సందర్భం. ఇలాంటివి ఐదారు రాసుకోండి. ఒక్కో సంఘటన రెండు మూడు ప్రశ్నలకు పనికొస్తుంది.

చెప్పడానికి స్టార్ పద్ధతి మీరు వినే ఉంటారు: పరిస్థితి, బాధ్యత, చేసిన పని, ఫలితం. సగం టైమ్ పరిస్థితి వర్ణనకే పోతుంటుంది. రెండు నిమిషాల జవాబులో దానికి 20 సెకన్లు ఇవ్వండి, ఎక్కువ భాగం చేసిన పనికి ఉంచండి.

ఇక్కడ మన భాషతోనే ఒక చిక్కు ఉంది. "సెట్ అయిపోయింది", "చూసుకున్నాం", "పని జరిగిపోయింది" అంటాం. ఎవరు చేశారో వినేవాళ్లకు తెలియదు. "నేను" అనడం గొప్పలు చెప్పుకోవడమేమో అని మొహమాటం. కానీ ఇంటర్వ్యూలో మీ నిర్ణయం ఏదో చెప్పకపోతే మీకు మార్కు వేయడానికి వాళ్ల దగ్గర ఏమీ ఉండదు. టీమ్ చేసింది టీమ్‌కే ఇవ్వండి, మీరు చేసింది "నేను" అనే చెప్పండి.

ఇలా ఉండొచ్చు:

"టీమ్‌లో ఒకరి పని మూడు వారాలుగా ఆలస్యమవుతోంది. మీటింగ్‌లో అడగకుండా విడిగా పిలిచి, ఏం అడ్డు వస్తోందని అడిగాను. వేరే టీమ్ నుంచి నేరుగా ఆయనకు పనులు వస్తున్నాయని అప్పుడే నాకు తెలిసింది. అది ముందే గమనించకపోవడం నా లోపం. ఆ టీమ్ మేనేజర్‌తో మాట్లాడి, ఇకపై ఏ పనైనా నా ద్వారానే రావాలని ఒప్పించాను. తర్వాతి నెల గడువు తప్పలేదు."

"నా లోపం" అన్న ఆ చిన్న వాక్యాన్ని తీసేయకండి. నా దృష్టిలో జవాబుకు నమ్మకం తెచ్చేది అదే. "ఎక్కువ కష్టపడటమే నా బలహీనత" లాంటి మాటలు ఎవరినీ ఒప్పించవు.

మేనేజర్ పదవి ఎప్పుడూ లేదా? టెన్షన్ వద్దు. కొత్తగా చేరినవారికి పని నేర్పడం, పైవాళ్లు సెలవులో ఉన్నప్పుడు బాధ్యత తీసుకోవడం, అధికారం లేకుండానే వేరే టీమ్‌ను ఒప్పించడం, ఇవన్నీ లెక్కలోకి వస్తాయి.

[తెర మీద: ఫోన్‌లో వాయిస్ రికార్డర్]

ఈ రాత్రే ఒక సంఘటనను ఫోన్‌లో రికార్డు చేసి వినండి. "అయిపోయింది" అన్న ప్రతిచోటా ఆపి, ఆ పని ఎవరు చేశారో చేర్చి మళ్లీ చెప్పండి.