ఇంటికీ బయటికీ మధ్య: యువతపై సాంస్కృతిక ఒత్తిడి

[తెరపై శీర్షిక. వెనుక రద్దీగా ఉన్న కళాశాల ఆవరణ.]

వ్యాఖ్యాత: నమస్కారం. కొత్త దేశానికి చేరినవారికి అక్కడి తీరుతెన్నులు అంతుపట్టక కలిగే తికమకను ‘కల్చర్ షాక్’ అంటారని చాలామందికి తెలుసు. మానవశాస్త్రవేత్త కలెర్వో ఓబెర్గ్ 1960లో ప్రచురించిన వ్యాసంతో ఆ మాటకు ప్రాచుర్యం వచ్చింది. అలవాటు పడేకొద్దీ ఆ తికమక తగ్గుతుందని ఆయన వివరించారు. ఈ వీడియోలో మనం పరిశీలించబోయే సాంస్కృతిక ఒత్తిడి అంత తేలిగ్గా తగ్గేది కాదు. వలస కుటుంబంలో పుట్టి, చుట్టూ ఉన్న సమాజపు భాషను అందరితో సమానంగా మాట్లాడే యువతకు, అల్పసంఖ్యాక వర్గాలవారికి, తమ వంశంలో మొట్టమొదటగా కళాశాల మెట్లెక్కినవారికి కూడా ఇది ఎదురవుతుంది. తీరుతెన్నులు తెలియకపోవడం వీరి ఇబ్బంది కాదు. రెండు రకాల తీరుతెన్నులూ క్షుణ్ణంగా తెలిసి, ఒకచోట మెప్పు తెచ్చిన నడవడికే మరొకచోట తప్పుగా లెక్కకు రావడమే అసలు ఇబ్బంది.

[తెరపై: తరగతిలో అధ్యాపకుడితో వాదిస్తున్న యువకుడు. తర్వాత అతడే ఇంట్లో, పెద్దల ఎదుట మౌనంగా.]

తరగతిలో అధ్యాపకుడి మాటను కాదని వాదించినవాడికి చురుకైనవాడన్న పేరు వస్తుంది. అదే ధోరణిలో ఇంట్లో తండ్రికి బదులిస్తే పొగరన్న ముద్ర పడుతుంది. చోటును బట్టి మాట మార్చుకోవడం చాలామందికి అలవాటుగా సాగిపోతుంది, నిజానికి అదొక నేర్పు కూడా. ఆ నేర్పు భారంగా మారేది, రెండు చోట్లా ‘నువ్వు పూర్తిగా మావాడివి కావు’ అనే ధ్వని వినిపించినప్పుడు.

రెండు సంస్కృతుల నడుమ మనిషికి నాలుగు దారులుంటాయని మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ బెర్రీ వర్గీకరించారు. తనది వదిలి ఎదుటివారిలో కలిసిపోవడం, ఎదుటివారిని దూరంపెట్టి తనదాన్నే పట్టుకోవడం, రెండింటినీ నిలుపుకోవడం, రెండింటికీ దూరమైపోవడం. రెండింటినీ నిలుపుకున్నవారి మానసిక స్థితి మెరుగ్గాను, రెండింటికీ దూరమైనవారిది దుర్బలంగాను ఉన్నట్టు చాలా అధ్యయనాల్లో కనిపించింది. అలాగైతే అందరూ మూడో దారే పట్టవచ్చు కదా అని సలహా ఇచ్చేవారు ఒక సంగతి మరచిపోతారు. ఎదుటి సమాజం చోటిస్తేనే ఆ దారి తెరుచుకుంటుంది. ఈ షరతును బెర్రీ కూడా స్పష్టంగానే చెప్పారు. దరఖాస్తుపై పేరు చూసి పక్కన పెట్టేసే చోట సర్దుకుపోయే గుణం ఎంత ఉంటే ఏం లాభం? సాంస్కృతిక ఒత్తిడిని కేవలం వ్యక్తి సహనానికి పరీక్షగా చూపే ఉపన్యాసాలు సగం సమస్యను వదిలేస్తున్నాయన్నది నా అభిప్రాయం.

వివక్ష ప్రతిసారీ బాహాటంగా జరగనక్కరలేదు. పొగడ్తలా వినిపించే చిన్నచూపు, పలకడం కష్టమంటూ పేరును కుదించేయడం వంటివాటిని మనోవైద్యుడు చెస్టర్ పియర్స్ 1970ల్లోనే ‘మైక్రో అగ్రెషన్’ అని వర్ణించారు. ఇవి విడివిడిగా చూస్తే అల్పమైనవే. అయితే ఈసారి అలాంటి మాట ఎవరి నోటి నుంచి వస్తుందోనన్న కాపలా మనసులో ఆగకుండా సాగుతుంది. శరీరం దాన్ని ముప్పుగానే పరిగణించి కార్టిసాల్ వంటి హార్మోన్లను విడుదల చేస్తుంది. ఆ స్థితి దీర్ఘకాలం కొనసాగితే నిద్ర, ఏకాగ్రత, రోగనిరోధక శక్తి దెబ్బతినే అవకాశం ఉంది.

వయసు విషయం క్లుప్తంగా చెప్పుకుందాం. జీవితకాలంలో వచ్చే మానసిక రుగ్మతల్లో దాదాపు మూడొంతులు 24 ఏళ్లలోపే మొదలవుతాయని 2005లో వెలువడిన అమెరికా జాతీయ సర్వే ఫలితాలు తెలిపాయి. ఇక్కడ మూడొంతులంటే నాలుగింట మూడు వంతులు. చదువు, ఉద్యోగం, జీవిత భాగస్వామి వంటి పెద్ద నిర్ణయాలు, కుటుంబ ఆశలతో నేరుగా తలపడే నిర్ణయాలు, వచ్చిపడేదీ ఆ కాలంలోనే.

[తెరపై: ఆసుపత్రి గది. వైద్యుడు, తల్లి, మధ్యలో పంతొమ్మిదేళ్ల కూతురు.]

ఇప్పుడు ఒక ఊహా సన్నివేశాన్ని కాస్త దగ్గరగా చూద్దాం. వైద్యుడి భాష తల్లికి రాదు, తల్లి భాష వైద్యుడికి రాదు. ‘గడ్డ నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలి, క్యాన్సర్ కాదని ఇప్పుడే చెప్పలేను’ అని వైద్యుడు అంటాడు. కూతురు ఒక్క క్షణం తటపటాయించి, ‘ఇంకో పరీక్ష చేస్తారటమ్మా’ అంటుంది. ‘అంతేనా? అంతసేపు మాట్లాడాడుగా!’ అని తల్లి అడుగుతుంది. ‘అంతేనమ్మా’ అంటుంది కూతురు. తాను మింగేసిన ఆ మాటతో ఆమె ఆ వారమంతా ఒంటరిగా గడపాలి. పరీక్ష ఫలితం వచ్చాక ఇంకేం దాచాలో, ఎంత చెప్పాలో తేల్చుకోవలసిందీ ఆమే. ఇంటి తరఫున మాట్లాడటం కొందరు పిల్లలకు గర్వకారణమై ఆత్మవిశ్వాసాన్ని పెంచుతుందని పరిశోధకులు గమనించారు. ఆ మాట నిజమే. కానీ రోగం, అప్పు, న్యాయస్థానం వంటి విషయాల్లో పిల్లలే పెద్దరికం వహించవలసి వస్తే ఆందోళన పెరుగుతుంది. పైగా కుటుంబం కోసం ఇదంతా చేస్తున్నవారికి, తమకు కష్టంగా ఉందని ఒప్పుకోవడమే అపచారంగా తోస్తుంది.

అందుకే ఈ బాధ చాలాసార్లు శరీరం ద్వారా బయటపడుతుంది. మనోవైద్యుడు, మానవశాస్త్రవేత్త ఆర్థర్ క్లైన్‌మన్ చైనాలోని హూనాన్‌లో, నరాల బలహీనతగా నిర్ధారించిన 100 మంది రోగులను పరిశీలించి 1982లో ఫలితాలు ప్రచురించారు. తలనొప్పి, నిద్రలేమి, తలతిరుగుడు అంటూ వచ్చినవారిలో 87 మందికి తీవ్రమైన డిప్రెషన్ లక్షణాలు సరిపోయాయి. వారు అబద్ధమాడారని దీనికి అర్థం కాదు. మనసు బాగోలేదంటే ముద్ర పడే చోట, ఒంటి నొప్పి గౌరవంగా చెప్పుకోగలిగిన బాధ. ‘దిగులుగా ఉందా?’ అని మాత్రమే అడిగే వైద్యుడికి ఇటువంటివారు ‘లేదు’ అనే బదులిస్తారు.

[తెరపై: కౌన్సెలింగ్ గది. రెండు కుర్చీలు, ఒక ప్రశ్నావళి.]

ఈ లోపాన్ని సరిదిద్దడానికి మానసిక రుగ్మతల నిర్ధారణకు అమెరికా మనోవైద్యుల సంఘం ప్రచురించే, 2013లో వచ్చిన డీఎస్ఎం-5 గ్రంథంలో 16 ప్రశ్నల సాంస్కృతిక ఇంటర్వ్యూను చేర్చారు. నీ సమస్యను ఇంట్లోవాళ్లకు ఏమని చెబుతావు, దీనికి కారణం ఏమనుకుంటున్నావు, నీ నేపథ్యంలో నీకు బలాన్నిచ్చేదేమిటి, ఇబ్బంది పెట్టేదేమిటి అనే ధోరణిలో అవి సాగుతాయి. వీటిలో చివరి రెండింటినీ కలిపి అడగడం చాలా సమంజసంగా ఉంది, ఎందుకంటే ఒకే కుటుంబం ఒత్తిడికి మూలమూ కావచ్చు, అండా కావచ్చు.

దిగులు గానీ, దేనిమీదా ఆసక్తి లేకపోవడం గానీ రెండు వారాలకు మించి దాదాపు రోజంతా వెంటాడుతుంటే నిపుణులను కలవాలి. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వస్తే అంతవరకూ ఆగకుండా, అప్పటికప్పుడే అత్యవసర సేవలకు ఫోన్ చేయాలి లేదా నమ్మకమైన మనిషిని పక్కన ఉండమని అడగాలి. మొదటి భేటీలోనే, ఇక్కడ చెప్పిన విషయం ఎవరెవరికి తెలుస్తుంది, ఏ పరిస్థితిలో బయటకు చెప్పవలసి వస్తుంది అని కౌన్సెలర్‌ను నేరుగా అడిగి తెలుసుకోవచ్చు. తల్లిదండ్రులు కూడా వచ్చే సమావేశమైతే, వృత్తిపరమైన దుబాసీని ఏర్పాటు చేయమని ముందుగానే కోరండి. చికిత్స పొందుతున్న వ్యక్తి చేతనే అనువాదం చేయించకూడదు.