పెసరట్టు మాస్టర్ ఎందుకు వెళ్ళిపోయాడు? షార్లెట్ హార్నెట్స్ కథ

నమస్తే అండీ. నా వెనక గోడకి వేలాడుతున్న 15 నంబర్ జెర్సీ, అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో షార్లెట్ హార్నెట్స్‌కి ఆడిన కెంబా వాకర్‌ది. అది కనిపించిన ప్రతిసారీ మన తెలుగువాళ్ళలో ఎవరో ఒకరు అదే ప్రశ్న వేస్తారు. "అన్నా, 2019లో హార్నెట్స్ అతన్ని ఎందుకు రిటైన్ చేసుకోలేదు? ఆర్‌టీఎం కార్డు వాడొచ్చుగా?"

వేలంలో వచ్చిన ధరకే పాత టీమ్ తన ఆటగాణ్ణి ఉంచుకునే ఆర్‌టీఎం ఏంటండీ! ఇది ఐపీఎల్ వేలం కాదు. అక్కడ సుత్తి పడితే ఆటగాడు వెళ్ళాల్సిందే. ఎన్‌బీఏలో ఫ్రీ ఏజెంట్, అంటే కాంట్రాక్ట్ ముగిసిన ఆటగాడు, ఎక్కడ ఆడాలో తనే తేల్చుకుంటాడు. ఇది చెప్పగానే రెండో ప్రశ్న రెడీగా ఉంటుంది. "అయితే ఇంకాస్త డబ్బు ఎక్కువ ఇవ్వాల్సింది." ఈ వీడియో చేస్తున్నది ఆ రెండో ప్రశ్న కోసమే. శాలరీ క్యాప్ అంటే ఒక టీమ్ ఏడాదికి ఆటగాళ్ళ జీతాలకి పెట్టే ఖర్చు మీద లీగ్ గీసే గీత, అంతకంటే లోతుగా పోను.

[స్క్రీన్ మీద: పొగలొస్తున్న పెనం]

తణుకులో ఒక టిఫిన్ హోటల్ ఉందనుకోండి. పెసరట్టు మాస్టర్ చెయ్యి అద్భుతం. విజయవాడలో పెద్ద హోటల్ వాళ్ళ కన్ను అతని మీద పడింది. మామూలుగా అయితే తణుకు ఓనర్ ఏం చేస్తాడు? వాళ్ళు 3,000 కూలి అంటే "నేను 4,000 ఇస్తా, ఉండిపో" అంటాడు. చిన్న ఊరి హోటల్ చేతిలో ఉండే ఆయుధం అదొక్కటే. ఇప్పుడు ప్రభుత్వం ఒక రూల్ పెట్టింది: ఎంత గొప్ప మాస్టర్‌కైనా రోజుకి 3,000 మించి ఇవ్వకూడదు. చిన్న హోటళ్ళని కాపాడటానికేనట! విజయవాడలోనూ 3,000, తణుకులోనూ 3,000. ఇక మాస్టర్ కూలి గురించి ఆలోచించడం మానేసి మిగతావన్నీ లెక్కేసుకుంటాడు. ఏ హోటల్ ముందు జనం క్యూ కడుతున్నారు? పక్క పెనం మీద ఎవరున్నారు? సాయంత్రానికి గల్లాపెట్టె నిండుతోందా?

ఆ రూలే ఎన్‌బీఏ మ్యాక్స్ కాంట్రాక్ట్. ఒక్క ఆటగాడికి, లీగ్‌లో ఎన్నేళ్ళు ఆడాడన్నదాన్ని బట్టి, గరిష్ఠంగా క్యాప్‌లో 25, 30, 35 శాతం. అంతే. సొంత టీమ్‌కి ఉన్న వెసులుబాటు చిన్నది: ఐదేళ్ళ కాంట్రాక్ట్, ఏటా 8 శాతం పెంపు ఇవ్వగలదు. బయటి టీమ్ నాలుగేళ్ళు, 5 శాతం దగ్గర ఆగాలి. చిన్న ఊళ్ళని కాపాడేది క్యాప్ అని అందరూ అనుకుంటారు. స్టార్ల విషయంలో అది చిన్న ఊరి చెయ్యి కట్టేస్తుందని నేనంటాను. ఒప్పుకోకపోతే కామెంట్లలో తిట్టండి.

ఇప్పుడు 2016కి వెళ్దాం. నాకు ఇష్టమైన హార్నెట్స్ టీమ్ అది. 48 గెలుపులు, ప్లేఆఫ్స్ మొదటి రౌండ్‌లో మయామీతో ఏడో గేమ్ దాకా పోరాటం. ఓడిపోయినా ఊరంతా సంబరంగా ఉంది. ఆ వేసవిలోనే అంతా చెదిరిపోయింది. జెరెమీ లిన్ బ్రూక్లిన్‌కి, కోర్ట్నీ లీ న్యూయార్క్‌కి, అల్ జెఫర్సన్ ఇండియానాకి.

లిన్ కథ కాస్త వివరంగా చెప్తాను, అసలు చిక్కు అందులోనే ఉంది. సొంత ఆటగాడికి క్యాప్ దాటి కూడా జీతం ఇవ్వొచ్చనే మినహాయింపుని ఒకప్పటి స్టార్ లారీ బర్డ్ పేరుతో బర్డ్ రైట్స్ అంటారు. కానీ అది పూర్తిగా దక్కాలంటే అతను మూడు సీజన్లు చేసి ఉండాలి. మన హోటల్లో అయితే, పోయిన దసరాకి తక్కువ కూలికి ఒక కుర్రాణ్ణి పెట్టుకున్నారు. ఏడాది తిరిగేసరికి వాడి ఇడ్లీకి ఊళ్ళో పేరొచ్చింది. పెంచుదామంటే రూల్ ఒప్పుకోదు: కొత్తవాడు కదా, 20 శాతమే పెంచాలి! లిన్ జీతం సుమారు 21 లక్షల డాలర్లు. ఒక్క సీజనే ఆడాడు కాబట్టి ఆ హక్కు కింద షార్లెట్ ఇవ్వగలిగింది 26 లక్షల లోపే. బ్రూక్లిన్ మూడేళ్ళకి 3.6 కోట్ల డాలర్లు ఇచ్చింది. ఏడాదికి 1.2 కోట్లు. మీరైతే ఉంటారా? నేనైతే ఆ రాత్రే బ్యాగ్ సర్దేవాణ్ణి.

పైగా ఆ ఏడాదే కొత్త టీవీ డబ్బు వచ్చి క్యాప్ 7 కోట్ల నుంచి 9.4 కోట్ల డాలర్లకి ఎగిరింది. ప్రతి హోటల్ ఓనర్ జేబూ నిండుగానే ఉంది. అందరూ పోతున్నారన్న కంగారులో షార్లెట్ నికొలా బటూమ్‌కి ఐదేళ్ళకి 12 కోట్ల డాలర్లు రాసిచ్చింది. గారెల మాస్టర్‌కి ఐదేళ్ళ బాండ్ అన్నమాట. రెండేళ్ళు తిరిగేసరికి గారె మెత్తబడింది, బాండ్ మాత్రం గట్టిగానే ఉంది. (తర్వాత ఇదే బటూమ్ క్లిప్పర్స్‌కి వెళ్ళి చక్కగా ఆడాడు. అప్పుడు నాకెంత మండిందో చెప్పలేను.)

ఇక కెంబా. కొత్త కుర్రాళ్ళని టీమ్‌లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 2011లో తొమ్మిదో వాడు. మొదటి సీజన్లోనే టీమ్‌కి 7 గెలుపులు, 59 ఓటములు, ఎన్‌బీఏ చరిత్రలోనే అతి తక్కువ గెలుపు శాతం. అక్కణ్ణుంచి ఎదిగి ఫ్రాంచైజీ టాప్ స్కోరర్ అయ్యాడు. ఏడాదికి సగటున 1.2 కోట్ల డాలర్లకే నాలుగేళ్ళు ఆడాడు. 2019లో ఆల్-ఎన్‌బీఏ (లీగ్‌లో ఆ ఏటి టాప్ 15 మంది) థర్డ్ టీమ్‌లో పేరొచ్చింది. పండగ చేసుకోవాలి కదా? కాదు, అక్కడే కొంప మునిగింది. జిల్లాలో మొదటి 15 మంది మాస్టర్లలో పేరొస్తే సొంత హోటల్ మామూలు మ్యాక్స్ కంటే పెద్దదైన సూపర్‌మ్యాక్స్ ఇవ్వొచ్చని ఒక సెక్షన్ ఉంది. ఆ లెక్కన ఐదేళ్ళకి 22.1 కోట్ల డాలర్లు. ఇది కూడా చిన్న టీమ్‌కి సాయం చేయడానికే! కానీ బటూమ్ లాంటి బాండ్లు నెత్తిమీద ఉండగా అంత ఇస్తే జీతాల బిల్లు లగ్జరీ ట్యాక్స్ గీత దాటేస్తుంది, అంటే టీమ్ లీగ్‌కి జరిమానా కట్టాలి. తక్కువకైనా ఉంటానని కెంబాయే చెప్పాడు. అప్పుడొచ్చిన వార్తల ప్రకారం షార్లెట్ చెప్పింది సుమారు 16 కోట్లు. బోస్టన్ నాలుగేళ్ళకే 14.1 కోట్లు ఇచ్చింది. ఎనిమిదేళ్ళలో ఒక్క ప్లేఆఫ్ సిరీస్ కూడా గెలవని వంటింట్లో ఇంకా ఎందుకు నిలబడాలి?

కోపం రావాల్సింది వెళ్ళిపోయినందుకు కాదు. ఆ 22 కోట్లు ఇవ్వకపోవడమే మంచిదైంది, కెంబా మోకాలు దెబ్బతిని రెండు సీజన్లకే బోస్టన్ నుంచి కూడా వెళ్ళిపోయాడు. నా కోపమంతా అదే ఏడాది ఫిబ్రవరిలో, వేరే టీమ్‌లతో ఆటగాళ్ళని మార్చుకునే ట్రేడ్ గడువు మీద. ఇవ్వలేమని తెలిస్తే అప్పుడే ట్రేడ్ చేయాల్సింది. ఆ వేసవిలోనే న్యూ ఆర్లియన్స్ తన స్టార్ ఆంథొనీ డేవిస్ కాంట్రాక్ట్‌లో ఇంకా ఏడాది ఉండగానే అతన్ని లేకర్స్‌కి ఇచ్చి ముగ్గురు కుర్రాళ్ళనీ, బోలెడు డ్రాఫ్ట్ పిక్స్‌నీ తెచ్చుకుంది. షార్లెట్‌కి కెంబా బదులు, కాంట్రాక్ట్ రాసి వెంటనే మార్చుకునే సైన్-అండ్-ట్రేడ్‌లో, టెర్రీ రోజియర్ వచ్చాడు.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా. ఓడిపోయే టీమ్‌కి బయటివాళ్ళు రారా? వస్తారు, ధర పెంచితే. 2020లో గోర్డన్ హేవర్డ్‌కి నాలుగేళ్ళకి 12 కోట్ల డాలర్లు ఇచ్చారు. అందుకోసం బటూమ్‌ని వదిలేసి, మిగిలిన డబ్బు మూడేళ్ళపాటు వాయిదాల్లో కట్టారు. హోటల్లో లేని మాస్టర్‌కి మూడేళ్ళు కూలి!

మరి ఊరు చిన్నదవడమే కారణమా? షార్లెట్ బ్యాంకుల ఊరు, పల్లెటూరేం కాదు. అటు న్యూయార్క్ ఎంత పెద్దది! 2019లో స్టార్లు డురాంట్, ఐర్వింగ్ ఇద్దరూ న్యూయార్క్ టీమ్ నిక్స్‌ని కాదని పక్కనే ఉన్న బ్రూక్లిన్‌కి వెళ్ళారు. ఇంకోటి చూడండి. 2024లో ఐజయా హార్టెన్‌స్టైన్ న్యూయార్క్ వదిలి ఓక్లహోమా సిటీకి వచ్చాడు, మూడేళ్ళకి 8.7 కోట్ల డాలర్లు. మరుసటి ఏడాదే ఛాంపియన్. లీగ్‌లో చిన్న ఊళ్ళలో అదొకటి, కానీ షాయ్ గిల్జియస్-అలెగ్జాండర్ లాంటి స్టార్‌ని ట్రేడ్‌లో తెచ్చుకుని పెంచింది. హోటల్ ముందు క్యూ ఉంటే విజయవాడ మాస్టరైనా తణుకు బస్సెక్కుతాడు. షార్లెట్ మాత్రం 2016 తర్వాత 2025 దాకా తొమ్మిది సీజన్లు ప్లేఆఫ్స్ మొహం చూడలేదు.



[స్క్రీన్ మీద: 15 నంబర్ జెర్సీ]

అన్నట్టు, కెంబా తర్వాత ఏమయ్యాడని కూడా అడుగుతుంటారు. 2024 జులైలో రిటైరయ్యాడు. వెంటనే హార్నెట్స్ కోచింగ్ స్టాఫ్‌లో చేరాడు. తణుకు హోటల్లోనే, పెనం పక్కన నిలబడి కుర్రాళ్ళకి అట్టు తిప్పడం నేర్పే పని.